చిన్న డైనింగ్‌లో లేత రంగు కుర్చీలు వెలవెలబోతుంటే ఏం చేయాలి?

కుర్చీలు మార్చకండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతా విషయానికి వస్తాను.

మీరు రాసింది ఇదీ. హాలుకీ వంటింటికీ మధ్య 7 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు ఉన్న డైనింగ్ స్థలం. బిల్డర్ వేసిచ్చిన ఐవరీ రంగు టైల్స్, క్రీమ్ రంగు గోడలు, పైన తెల్లటి ట్యూబ్‌లైట్. లేత గోధుమ రంగు గుడ్డ సీట్లు, నల్లటి ఇనుప కాళ్లు ఉన్న కుర్చీలు నాలుగు కొన్నారు. టేబుల్ ఇంకా కొనలేదు. షాపులో అంత బాగున్న కుర్చీలు ఇంటికొచ్చాక ఆస్పత్రి వెయిటింగ్ రూమ్‌ను గుర్తుచేస్తున్నాయని, ముదురు ఎరుపువి తీసుకోవాల్సిందని మీ అత్తగారు అంటున్నారని రాశారు. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇల్లు కాబట్టి పప్పు, ఆవకాయ మరకల టెన్షన్ కూడా ఉంది.

నేను పదహారేళ్లుగా హైదరాబాద్, విజయవాడల్లో ఫ్లాట్లకు ఇంటీరియర్ పని చేయిస్తున్నాను. ఈ బాధ చాలా ఇళ్లలో విన్నాను. ప్రతిసారీ నింద కుర్చీల మీదే పడుతుంది. తప్పు మాత్రం వాటి చుట్టూ ఉంటుంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. హాల్లో సోఫా మీద కూర్చుని ఫోన్‌తో డైనింగ్ వైపు ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. నేల, గోడ, కుర్చీ మూడూ ఒకే బూడిద రంగులో కలిసిపోయి కనిపిస్తాయి. క్రీమ్ చీరకు క్రీమ్ జాకెట్టే వేసుకుని క్రీమ్ గోడ ముందు నిలబడితే మనిషి ఎలా కనిపించకుండా పోతుందో, మీ కుర్చీలకు జరిగింది అదే. ఆ చీరకే వంకాయ రంగు అంచు ఉందనుకోండి, చీర క్రీమ్ రంగే అయినా కళ్లు దాని మీదే నిలుస్తాయి. తాండూరు నీలం బండలు గానీ ఎర్ర గచ్చు గానీ ఉన్న పాత ఇళ్లలో ఇవే కుర్చీలు వేసి చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. అక్కడ నేలే ముదురుగా ఉంటుంది కాబట్టి లేత రంగు విడిగా, హాయిగా కనబడుతుంది. ఫ్లాట్లలో ఆ ముదురుతనం మనం తెచ్చిపెట్టాలి. తేవడానికి మీకు రెండు చోట్లున్నాయి, టేబుల్, ఒక గోడ. ఆ తర్వాత దీపం. ఈ మూడూ సరిపడితే మిగతావి చిన్న పనులు.

టేబుల్ ఇంకా కొనలేదు కాబట్టి అక్కడ మొదలుపెడదాం. అసలు మీ అదృష్టం అదే.

7 అడుగులంటే 84 అంగుళాలు. నలుగురికి సరిపడే మామూలు టేబుల్ 48 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు ఉంటుంది. దాన్ని సరిగ్గా మధ్యలో వేస్తే రెండు వైపులా చెరో 27 అంగుళాలే మిగులుతాయి. మనిషి కూర్చుంటే టేబుల్ అంచు నుంచి సుమారు 20 అంగుళాలు పోతాయి. ఇక వంటింట్లోంచి వేడి గిన్నె పట్టుకుని వచ్చే వాళ్లకు 7 అంగుళాల దారి! అందుకని పొడవాటి అంచును గోడకు ఆనించి వేయండి. హాలు వైపు రెండు కుర్చీలు పక్కపక్కన, రెండు చివర్లలో ఒక్కొక్కటి. అప్పుడు 84లో టేబుల్‌కు 30 పోగా 54 అంగుళాలు మిగులుతాయి. మనుషులు కూర్చున్నాక కూడా 34 అంగుళాల నడక దారి ఉంటుంది. పొడవులో 108 అంగుళాలకు టేబుల్ 48 పోతే చివర్లలో చెరో 30 అంగుళాలు, కుర్చీ వెనక్కి లాగి లేవడానికి అది చాలు. మూలల దగ్గర మోకాళ్లు కొంచెం దగ్గరవుతాయి, కాబట్టి పిల్లలిద్దరినీ చివరి కుర్చీల్లో కూర్చోబెట్టండి.

గుండ్రటి టేబుల్ గురించి కూడా అడిగారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ అది గోడకు ఆనదు. 36 అంగుళాలది మధ్యలో వేసినా వెడల్పులో రెండు వైపులా చెరో 24 అంగుళాలే మిగులుతాయి. మీ స్థలం నడక దారి కూడా కాబట్టి నేనైతే వద్దంటాను. చదరపు గది ఉన్నవాళ్లకు అది బాగుంటుంది.

షాపుకు వెళ్లేముందు కుర్చీ సీటు ఎత్తు టేపుతో కొలవండి, సాధారణంగా 17 లేదా 18 అంగుళాలు ఉంటుంది. సీటుకూ టేబుల్ పైభాగానికీ మధ్య 12 అంగుళాల దాకా తేడా ఉంటే చెయ్యి సుఖంగా ఆనుతుంది. 30 అంగుళాల టేబుల్ మీకు సరిపోతుంది. చాలామంది ఇక్కడ చేసే పొరపాటు, అందం కోసం సీట్ల మీద మందపాటి కుషన్లు వేయడం. 2 అంగుళాల కుషన్ వేస్తే టేబుల్ కింద ఉండే చెక్క పట్టీ తొడలకు తగులుతుంది, అన్నం కలుపుకునే చెయ్యి ఇబ్బంది పడుతుంది. మీ సీట్లలో స్పాంజి ఉండనే ఉంది, వాటిమీద ఏమీ వద్దు.

టేబుల్ రంగు మాత్రం ముదురుగానే ఉండాలి. వాల్‌నట్ రంగు, పాత టేకు రంగు, కాఫీ గింజల రంగు, ఏదైనా సరే. మీ కుర్చీల కాళ్లు ఎలాగూ నలుపే, దాంతో కలిసిపోతుంది. షీషం చెక్కది దొరికితే సంతోషం, బడ్జెట్ లేకపోతే వడ్రంగితో 19 ఎంఎం ప్లైవుడ్ మీద మెరుపు లేని ముదురు లామినేట్ వేయించుకోండి, పిల్లల తలలు తగలకుండా మూలలు గుండ్రంగా చేయించండి. మెరిసే లామినేట్ మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం పడి కళ్లకు కొడుతుంది. పాలరాయి వద్దే వద్దు. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే పాలరాయి మెరుపు అక్కడికక్కడే తినేసినట్టు పోతుంది. అది మరక కాదు, పులుపుకు రాయే కరగడం, ఎంత తుడిచినా పోదు. మా ఇంట్లోనే పులిహోర గిన్నె అడుగున తడి వల్ల పడిన గుండ్రటి మచ్చ ఇప్పటికీ ఉంది. గాజు టేబుల్ చిన్న స్థలంలో తేలికగా కనిపిస్తుందన్నది నిజమే, కానీ స్టీలు కంచాల మోత, వేలిముద్రలు, పైగా మీకు కావాల్సిన ముదురుతనం దానిలో లేదు. వాడిన ఇళ్లలో సగం రోజులు దానిమీద ప్లాస్టిక్ షీటు కప్పే ఉంటుంది.

ఇక గోడ. టేబుల్ ఆనించిన ఆ 9 అడుగుల గోడకు ఒక్కదానికే రంగు వేయించండి. ముదురు రంగు వేస్తే గది చిన్నదైపోతుందనే భయం చాలామందికి ఉంటుంది. నాలుగు గోడలకూ వేస్తే ఆ భయం నిజమే. ఒక్క గోడకే అయితే ఆ భయం అక్కర్లేదు, దాని ముందున్న లేత కుర్చీల వీపులు ముందుకొస్తాయి. ఏ రంగు అన్నది మీ కుర్చీల లోపలి ఛాయను బట్టి ఉంటుంది. ఉదయం పదింటికి, లైట్లు ఆర్పి, సీటు మీద తెల్ల ఎ4 కాగితం పెట్టి చూడండి. కాగితం పక్కన సీటు పసుపుగానో తేనెగానో కనిపిస్తే ఇటుక రంగు, ముదురు ఆలివ్ పచ్చ, ఆవ పొడి రంగు బాగా నప్పుతాయి. బూడిదగానో, గులాబీ మెరుపుతోనో కనిపిస్తే ముదురు నీలం, నెమలికంఠం, వంకాయ రంగు వైపు వెళ్లండి. అత్తగారికి ఎరుపు ఇష్టం అంటున్నారు కదా, కుర్చీలు పసుపు ఛాయవైతే ఇటుక రంగు ఆవిడకూ నచ్చుతుంది. రంగు ఎంపిక ఆవిడ చేతిలో పెట్టండి. ఎరుపు కుర్చీలతో రాని నిండుదనం గోడతో వస్తుందని ఆవిడే చెబుతారు.

షేడ్ కార్డు చూసి డబ్బాలు కొనేయకండి. రెండడుగుల అట్ట మీద శాంపిల్ రంగు వేసి కుర్చీ వెనక నిలబెట్టి, రెండు రోజులు పగలూ రాత్రీ చూడండి. కడిగితే పోని ఎమల్షన్, కొంచెం సాటిన్ మెరుపు ఉన్నది అడగండి, ఎందుకంటే ఆ గోడ మీద సాంబారు చుక్కలు ఖాయంగా పడతాయి. గోడంతా రంగంటే మరీ భయమనిపిస్తే నేల నుంచి 4 అడుగుల వరకే వేయించి పైన క్రీమ్ రంగు వదిలేయండి. పల్లెల్లో గోడ అడుగు భాగాన ఎర్రమన్ను పట్టీ తీసేవారు, గుర్తుందా? అదే పద్ధతి. మురికి కనపడదు, గోడకు ఒక నిలకడ వస్తుంది.

గోడంతా రంగు వేస్తే దాని మీద ఒక్కటే పెద్ద బొమ్మ చాలు. టేబుల్ పొడవులో మూడింట రెండొంతులు, అంటే 32 అంగుళాల వెడల్పు, టేబుల్‌కు 8, 10 అంగుళాల పైన మొదలయ్యేలా కట్టండి. చిన్న చిన్న ఫ్రేములు ఎనిమిది కడితే ఈ కొద్దిపాటి గోడ కంగాళీగా మారుతుంది. పెడన అద్దకం కలంకారీ ముక్కను చెక్క ఫ్రేముకు బిగించి పెట్టించడం నాకు చాలా ఇష్టం, ఆ ఎరుపు, నలుపు, నీలాలు లేత గోధుమ రంగుకు బంధువుల్లా కలిసిపోతాయి. చేర్యాల నకాశీ బొమ్మ కొనాలని ఉంటే మాత్రం గోడకు రంగు వేయకండి. ఆ బొమ్మల వెనక ఉండే నిండు ఎరుపే ఆ గోడకు చాలినంత రంగు, రెండూ పెడితే ఒకదాన్నొకటి అణిచేస్తాయి. అద్దం గురించి అడిగారు. మీరు పంపిన ఫొటోలో ఆ గోడకు ఎదురుగా వాష్ బేసిన్ ఉంది. అద్దం పెడితే అందులో కనబడేది బేసినే.

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ మార్పు తెచ్చేది దీపం. మీ ట్యూబ్‌లైట్ మీద 6500కె అని రాసి ఉంటుంది, చూడండి. కె అంటే కెల్విన్, వెలుగు రంగును చెప్పే కొలత. ఆ నీలి తెలుపు వెలుగు లేత గోధుమ రంగును చప్పగా, పాలిపోయినట్టు చూపిస్తుంది. కుర్చీలను షాపులో పసుపు దీపాల కింద చూసి ఉంటారు, అందుకే అక్కడ అంత నిండుగా కనిపించాయి. బట్టల షాపులో చీరను వాకిట్లోకి తెచ్చి వెలుగులో చూసుకుంటాం, ఫర్నిచర్‌కు మాత్రం ఆ జాగ్రత్త తీసుకోం. టేబుల్ మీదకు పసుపు వెలుగునిచ్చే 3000కె బల్బు ఒకటి పెట్టించండి, 9 వాట్ల ఎల్‌ఈడీ చాలు. డబ్బా మీద సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90 అని ఉంటే ఇంకా మంచిది, పప్పు పసుపు పసుపులా, గోంగూర పచ్చడి దాని రంగులో కనిపిస్తాయి. ట్యూబ్‌లైట్ తీసేయక్కర్లేదు, పిల్లల హోంవర్క్‌కు అది ఉండనివ్వండి, స్విచ్ వేరుగా ఉంటే చాలు.

వేలాడే దీపం పెడితే దాని అడుగు టేబుల్‌కు 30 నుంచి 34 అంగుళాల ఎత్తులో ఉండాలి, కూర్చున్నవాళ్ల కళ్లలోకి బల్బు కొట్టకుండా తొడుగు లోతుగా ఉండాలి. ఫ్యాన్ సంగతి చాలామంది మరచిపోతారు. మీ ఫ్యాన్ స్థలం మధ్యలో ఉంది, రెక్కలు మధ్య నుంచి 24 అంగుళాల దాకా వస్తాయి. టేబుల్ గోడకు ఆనింది కాబట్టి టేబుల్ మధ్య భాగం ఫ్యాన్ మధ్య నుంచి 27 అంగుళాల దూరంలో పడుతుంది. రెక్కలకు తగలదు గానీ గాలికి వైరు మీద దీపం ఊగుతూనే ఉంటుంది, దాంతో కంచాల మీద నీడలు కూడా ఊగుతాయి. తింటుంటే తల తిరిగినట్టు ఉంటుంది. కాబట్టి వైరుది కాకుండా గట్టి ఇనుప కడ్డీకి బిగించిన దీపం తీసుకోండి, లేదా గోడకే బిగించి ముందుకు చాచుకునే దీపం పెట్టండి. సీలింగ్‌లో, ఫ్యాన్ రెక్కలకు పైన, చిన్న గుండ్రటి లైట్లు పెట్టిస్తామంటే ఒప్పుకోకండి. రెక్కల నీడ పడి వెలుగు టకటకా కొట్టుకుంటుంది.

మన ఫ్లాట్లలో డైనింగ్ అంటే డైనింగ్ ఒక్కటే కాదు. వాష్ బేసిన్ అక్కడే, ఫ్రిజ్ అక్కడే, 20 లీటర్ల వాటర్ క్యాన్ అక్కడే, క్యాలెండర్ అక్కడే. ఇంటర్నెట్‌లో కనిపించే డైనింగ్ ఫొటోల్లో ఇవేవీ ఉండవు, అందుకే వాటిని చూసి మన ఇంటిని పోల్చుకుంటే మనసు చిన్నబుచ్చుకుంటుంది. వీటిని దాచడానికి ప్రయత్నించకండి, సర్దండి. బేసిన్ దగ్గర టూత్‌బ్రష్‌లు, షేవింగ్ సామాన్లు బాత్రూంలోకి పంపి, సబ్బు ఒక్కటే ఉంచండి. దాని అద్దానికి టేబుల్ రంగు చెక్క ఫ్రేము వేయిస్తే ఎదురెదురుగా ఉన్న రెండూ ఒక ఇంటివాళ్లలా కనిపిస్తాయి. వాటర్ క్యాన్‌ను వంటింటి గుమ్మం లోపలికి జరపండి. ఫ్రిజ్ మీద పేరుకున్న డబ్బాలు, బిల్లులు తీసేయండి, తలుపు మీది అయస్కాంతం బొమ్మలు పిల్లలవి కాబట్టి వదిలేయండి.

టేబుల్ మీద కూడా ఇదే లెక్క. పచ్చళ్లు, కారప్పొడి, నెయ్యి గిన్నె లేని టేబుల్ మన ఇంట్లో ఉండదు, ఉండకూడదు కూడా. విడివిడిగా ఆరు సీసాలుంటే చిందరవందర, అవే ఒక ఇత్తడి తాంబాళంలో గోడవైపు చేర్చి పెడితే అలంకారం. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి సామాను చూడండి, పాత బంగారంలాంటి ఆ మెరుపు ముదురు చెక్క మీద, 3000కె వెలుగులో చాలా బాగుంటుంది. అది ఉంటే పూలగుత్తులు, బొమ్మలు ఇంకేమీ పెట్టక్కర్లేదు. కంచాల కింద మ్యాట్లు గోడ రంగుకు దగ్గరగా తీసుకోండి. పోచంపల్లి ఇక్కత్ కాటన్ మీటర్ల లెక్కన దొరుకుతుంది, కుట్టించుకోవచ్చు. కానీ మొదటి రెండు ఉతుకులు విడిగా ఉతికాకే వాడండి. తడి మీద రంగు దిగే గుడ్డ లేత సీటుకు తగిలితే మరక మిగులుతుంది. కొత్త జీన్స్ ప్యాంటుతోనూ అదే ప్రమాదం.

టేబుల్ కింద కార్పెట్ వేయాలా అన్నారు. నా మాట అయితే వద్దు. అన్నం మెతుకులు, చారు చుక్కలు, చిన్నపిల్లలు, ఎందుకు ఆ చాకిరీ? తప్పదనుకుంటే ఉతకగలిగే కాటన్ వరంగల్ జంపఖానా వేయండి, అది కూడా కుర్చీ వెనక్కి లాగినా కాళ్లు దాని మీదే ఉండేంత పెద్దది, అంటే సుమారు 8 అడుగులకు నాలుగున్నర అడుగులు. చిన్నది వేస్తే కుర్చీ కాలు అంచుకు తట్టుకుని రోజూ చిరాకు. ఏదీ వేయకపోతే కుర్చీ కాళ్లకు రబ్బరు బుష్‌లు వేయించండి, కింది ఫ్లాట్ వాళ్లకు చప్పుడు ఉండదు, టైల్స్ మీద నల్ల గీతలు పడవు.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని మరకల సంగతి. పసుపు మరక పడగానే అందరూ చేసే పని సబ్బుతో రుద్దడం. పసుపుకు సబ్బులోని క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపెక్కేది ఈ గుణం వల్లే. కాబట్టి బట్టల సబ్బు, సోడా దగ్గరికి రానివ్వకండి. ముందు పొడి గుడ్డతో అద్ది పీల్చేయాలి, రుద్దితే లోపలికి దిగుతుంది. తర్వాత చన్నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి అద్దాలి, మళ్లీ ఉత్త నీళ్లతో అద్దాలి. ఆ తర్వాత కుర్చీని ఎత్తుకెళ్లి బాల్కనీలో ఎండలో పెట్టండి. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. మొదటి రోజు పూర్తిగా పోకపోతే రెండో రోజు కూడా పెట్టండి. ఆవకాయ అయితే పసుపుతోపాటు నూనె కూడా ఉంటుంది. ముందు దాని మీద టాల్కం పౌడర్ మందంగా చల్లి కొన్ని గంటలు వదిలి, నూనె పీల్చాక బ్రష్‌తో దులిపి, అప్పుడు లిక్విడ్ పని మొదలుపెట్టండి. ఏ పద్ధతైనా ముందు సీటు అడుగున, కనిపించని చోట ప్రయత్నించి చూడండి.

ఈ బాధ లేదని రెక్సిన్ సీట్లు వేయించుకునే వాళ్లున్నారు. వైజాగ్‌లాంటి తేమ ఊళ్లలో చవక రెక్సిన్ కొన్నేళ్లకే పొలుసులు పొలుసులుగా ఊడిపోవడం నేను చాలా చూశాను, ఆ తర్వాత సీటు మార్చడమే దారి. గుడ్డ సీటు అందుకే నయం. పిల్లల రెండు కుర్చీలకు మాత్రం టైలర్‌తో ఎలాస్టిక్ వేసిన మందపాటి కాటన్ తొడుగులు, గంధం రంగులోనో దానికన్నా ఒక మెట్టు ముదురులోనో, కుర్చీకి రెండేసి చొప్పున కుట్టించండి. ఒకటి ఉతుకులో ఉంటే ఇంకొకటి కుర్చీ మీద. నాలుగు కుర్చీలూ అచ్చం ఒకేలా ఉండాలని లేదు, చివరి రెండూ కొంచెం ముదురుగా ఉంటే అది కావాలని చేసినట్టే కనిపిస్తుంది.

పండగకు ఆరుగురు వస్తే ఎలా అని చివర్లో అడిగారు. టేబుల్‌ను గోడ నుంచి 17 అంగుళాలు ముందుకు లాగి, ఆ సందులో బెంచీ వేయండి. ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుంటారు, పిల్లలైతే ముగ్గురు. నడక దారి ఆ పూటకు ఇరుకవుతుంది, కాబట్టి గిన్నెలన్నీ ముందే టేబుల్ మీదకు చేర్చుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బెంచీ మీద కాకుండా కుర్చీల్లోనే కూర్చోబెట్టండి, బెంచీ మీద నుంచి లేవడానికి వాళ్లకు ఆసరా ఉండదు. టేబుల్ చేయించే వడ్రంగితోనే అదే లామినేట్‌తో బెంచీ చేయించండి, 18 అంగుళాల ఎత్తు, 14 అంగుళాల వెడల్పు. పొడవు మాత్రం 42 అంగుళాలు దాటనివ్వకండి. 48 అంగుళాల టేబుల్‌కు మూలల్లో కాళ్లు పోగా మధ్యలో మిగిలేది సుమారు 44, మామూలు రోజుల్లో బెంచీ ఆ కాళ్ల మధ్య నుంచి టేబుల్ కిందికి, గోడ వైపు చివరిదాకా దూరిపోవాలి.